కలంచో పూయకపోతే తెగులు కాదు, లైట్లు చూసుకోండి

ప్రశ్న: మా నర్సరీలో రెండు వేల కలంచో పూలమొక్కల కుండీలు ఉన్నాయి. నిరుడు షేడ్‌నెట్‌ను రోడ్డు పక్కకు మార్చాం. దొంగల భయంతో రాత్రంతా లైట్లు వేసి ఉంచుతున్నాం. ఆకు బాగానే పెరిగింది కానీ సంక్రాంతికి ఒక్క మొగ్గ కూడా రాలేదు. ఇప్పుడు వానలకు కొన్ని మొక్కలు మొదలు నల్లబడి వాలిపోతున్నాయి. ఇదంతా తెగులేనని మందుల షాపులో మూడు మందులు ఇచ్చారు. కలిపి నాలుగుసార్లు కొట్టినా తగ్గలేదు. ఏం చేయాలి?
– ఒక నర్సరీ రైతు, కడియపులంక

జవాబు: పూత రాకపోవడానికి తెగులు కారణం కాదు, మీ లైట్లు. రాత్రి పొడవుగా, చీకటిగా ఉంటేనే కలంచో మొగ్గ కడుతుంది. చామంతి పూత వెనక్కి జరపాలంటే రాత్రిపూట బల్బులు వేస్తారు కదా, మీరు తెలియక కలంచోకి అదే చేశారు. కాపలా లైటు తప్పదంటే గేటు దగ్గర పెట్టుకోండి. వెలుగు మొక్కల మీద పడకూడదు.

సంక్రాంతికి పూలు కావాలంటే అక్టోబరు మొదటి వారం నుంచి 6 వారాలు సాయంత్రం 5 గంటలకు దళసరి నల్లగుడ్డ కప్పి, ఉదయం 7 గంటలకు తీయండి. 14 గంటల చీకటి, ఒక్క రోజు కూడా మానకుండా. పాలిథిన్ షీటు వద్దు, లోపల వేడెక్కి మొగ్గ ఆలస్యమవుతుంది. పగలు మాత్రం వెలుతురు బాగా తగలాలి. మొదలుపెట్టిన 10–12 వారాలకు పూలు విచ్చుతాయి.

మొదలు నల్లబడటం నిజంగానే కుళ్లు. కానీ జబ్బు కుండీ మట్టిలో ఉంటే ఆకుల మీద మందు కొట్టి లాభమేంటి? మన రణపాలకు చుట్టమైన ఈ మొక్క ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది. దాన్ని ఒండ్రు మట్టిలో పెట్టి గులాబీకి పోసినట్టు రోజూ నీళ్లు పోస్తే వేరుకు గాలి ఆడదు. నల్లబడిన మొక్కల్ని మట్టితో సహా తీసి పారేయండి. పక్క కుండీల్లో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, కుండీకి 100 మి.లీ. చొప్పున మొక్క మొదలు దగ్గర ఒక్కసారి పోయండి. ఇక నుంచి ఒక పాలు మట్టికి రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు కలపండి. పై అంగుళం మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు. వాయుగుండం వానలు పడే రోజుల్లో షేడ్‌నెట్ చాలదు, పైన షీటు కట్టాలి.

ఆ నాలుగు స్ప్రేల గురించి గట్టిగానే చెప్పాలి. ఆ మూడు మందుల పేర్లు మీ ఉత్తరంలో లేవు. ఏం కొడుతున్నారో తెలియకుండా రెండు వేల కుండీల మీద కొట్టారన్నమాట! మొక్కను చూడకుండా షాపులో కౌంటరు మీద నుంచి ఇచ్చేది సలహా కాదు, అమ్మకం. రోజంతా ఆ కుండీలు ఎత్తి దించే ఆడకూలీల చేతులకు ఆ మందే అంటుకుంటుంది. కొన్నవాళ్లు వాటిని ఇంట్లో, పిల్లల మధ్య పెట్టుకుంటారు. ఈసారి షాపుకు వెళ్లేముందు వేరుతో సహా ఒక మొక్కను ఉద్యాన అధికారికి చూపించండి. రాసిచ్చిన మందే కొనండి, బిల్లు తీసుకోండి.

ఇంకో మాట. తుంచిన కలంచో కొమ్మలు గేదెలకు, మేకలకు వేయకండి. అందులోని విషం గుండె మీద పనిచేస్తుంది, పూలలో ఇంకా ఎక్కువ. గోతిలో పూడ్చేయండి.