రోజీనా లెవీన్ క్లాసు నుంచి వచ్చినవాళ్ళు

ప్రశ్న: మా అమ్మాయి మూడో తరగతి నుంచి పియానో నేర్చుకుంటోంది. ట్రినిటీ వాళ్ళ గ్రేడ్లు ఎనిమిదీ పూర్తిచేసింది. ఇప్పుడు అమెరికా వెళ్ళి సంగీతమే చదువుతానంటోంది, అదీ కచేరీలు చెయ్యడానికి కాదట, తిరిగొచ్చి పాఠాలు చెప్పడానికట. మావారికి ఇది మింగుడుపడటం లేదు. ‘పిల్లలకి పాఠాలు చెప్పుకోడానికి అంత ఖర్చా, రేపు దాని పేరు ఎవరికి గుర్తుంటుంది’ అంటున్నారు. పాఠాలు చెప్పే పేరు తెచ్చుకున్న పియానో టీచర్లు, అందులోనూ ఆడవాళ్ళు, నిజంగా ఉన్నారా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: ఉన్నారమ్మా. ఒక్కరి గురించే చెప్తాను, కానీ వివరంగా చెప్తాను, ఈ పేజీ మీవారికి చూపించండి.

ఆవిడ పేరు రోజీనా లెవీన్. 1880లో కీవ్‌లో పుట్టారు. 1898లో మాస్కో కన్సర్వేటరీ (సంగీత కళాశాల) నుంచి గోల్డ్ మెడల్‌తో బయటికొచ్చి, అదే ఏడాది జోసెఫ్ లెవీన్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఆయనకీ అక్కడి గోల్డ్ మెడలే, ఆరేళ్ళ ముందు వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరు పియానిస్టులు పోటీ పడకూడదని ఆవిడ సోలో కచేరీలు మానుకున్నారు. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది, మెడల్ ఇద్దరికీ వచ్చింది, మానుకున్నది మాత్రం ఆవిడే. ఆయనతో కలిసి రెండు పియానోల మీద వాయించేవారు, ఆయన శిష్యుల సాధన చూసుకునేవారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చేసరికి బెర్లిన్‌లో ఉన్నారు, రష్యన్లు కాబట్టి అక్కడే ఇరుక్కుపోయారు, 1919లో న్యూయార్క్ చేరారు, 1924లో అక్కడి పేరున్న సంగీత స్కూలు జూలియార్డ్‌లో పాఠాలు మొదలుపెట్టారు. అక్కడ కూడా పెద్ద టీచరు ఆయనే, ఆవిడ ఆయనకి సాయం.

1944 డిసెంబరులో ఆయన పోయారు. ఆయన స్థానంలోకి రమ్మని స్కూలు అడిగితే ఆవిడ ముందు తటపటాయించారు. అప్పటికి 64 ఏళ్ళు. మన దగ్గర రిటైరై మనవల్ని ఆడించుకునే వయసు. ఇవాళ ఆవిడ పేరు చెప్పగానే వినిపించే పెద్ద శిష్యులంతా దాదాపు ఆ తర్వాత వచ్చినవాళ్ళే.

అందరికీ తెలిసినవాడు వాన్ క్లైబర్న్. టెక్సాస్ కుర్రాడు, 1951లో 17 ఏళ్ళప్పుడు ఆవిడ దగ్గరికి వచ్చాడు. 1958లో మాస్కోలో రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ పేరు మీద మొదటి పోటీ పెట్టారు. అంతకుముందు ఏడాదే సోవియట్లు స్పుత్నిక్ ఉపగ్రహాన్ని పైకి పంపారు, అమెరికాకీ వాళ్ళకీ మధ్య టెన్షన్ ఎంత ఉందో ఊహించుకోవచ్చు. అలాంటప్పుడు నువ్వు వెళ్ళాల్సిందే అని వాన్‌ని ప్రోత్సహించింది ఆవిడే. తను మెడల్ తీసుకున్న అరవై ఏళ్ళకి అదే ఊరికి, అదే కన్సర్వేటరీకి శిష్యుణ్ణి పంపించారు, అతను గెలిచి వచ్చాడు. న్యూయార్క్ వీధుల్లో ఊరేగింపు చేశారు. అతను వాయించిన చైకోవ్‌స్కీ కన్చర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో అంత అమ్ముడైన మొదటి ఎల్పీ అదే.

ఇంకా చాలామంది ఉన్నారు. 1966లో అదే మాస్కో పోటీలో రెండో స్థానం తెచ్చుకున్న మీషా డిఖ్టర్, 1970లో వార్సాలో స్వరకర్త షోపాన్ పేరు మీద జరిగే పోటీ గెలిచిన మొదటి అమెరికన్ గారిక్ ఓల్సన్ ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళే. కానీ మీ ఇంట్లో అందరికీ తెలిసిన శిష్యుడు వేరే ఉన్నాడు, జాన్ విలియమ్స్. ‘జురాసిక్ పార్క్’, ‘స్టార్ వార్స్’ సినిమాలకి సంగీతం ఇచ్చినాయన. యాభైల్లో జూలియార్డ్‌లో ఆవిడ దగ్గర పియానో నేర్చుకుని, తర్వాత హాలీవుడ్ వెళ్ళిపోయాడు. విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకుని సినిమాల్లోకి వచ్చిన మన ఘంటసాలగారు గుర్తొస్తారు నాకు.

ఆవిడకి అసిస్టెంటుగా ఉన్న మార్టిన్ కానిన్ తర్వాత కొన్ని దశాబ్దాలు జూలియార్డ్‌లోనే పాఠాలు చెప్పారు. మీ అమ్మాయి అడుగుతున్న దారి ఇదే.

ప్రశ్న: గొప్ప స్కూలుకి వచ్చేవాళ్ళంతా ముందే టాలెంట్ ఉన్నవాళ్ళు కదా. అలాంటి శిష్యులు గెలిస్తే ఆ పేరు టీచరుకి ఇవ్వడం న్యాయమేనా? నేను కీబోర్డ్ నేర్పుతాను, నా దగ్గరికి అలాంటి పిల్లలు రారు.
– ఒక కీబోర్డ్ టీచరు, వరంగల్

జవాబు: మీరన్నదాంట్లో నిజం ఉంది. వాన్ క్లైబర్న్‌కి మూడేళ్ళ వయసు నుంచి జూలియార్డ్‌కి వెళ్ళేదాకా నేర్పింది వాళ్ళమ్మ రిల్డియా బీ. ఆవిడ గురువు ఆర్థర్ ఫ్రీడ్‌హైమ్, ఆయన ప్రసిద్ధ పియానిస్టు ఫ్రాంజ్ లిస్ట్‌కి శిష్యుడు. అంటే చెయ్యి తిరిగిన పిల్లవాడే రోజీనా దగ్గరికి వచ్చాడు. ఆ పేరులో వాళ్ళమ్మకి పెద్ద వాటా ఉంది, నన్ను అడిగితే చాలామంది ఆవిణ్ణి మర్చిపోవడం అన్యాయం.

కానీ ఒక్క పోలిక చూడండి. అదే రోజుల్లో రోజీనా దగ్గర జాన్ బ్రౌనింగ్ కూడా ఉన్నాడు. క్లైబర్న్ వాయిస్తే హాలంతా నిండిపోయే పెద్ద ధ్వని, గుండెలో ఉన్నదంతా బయటపెట్టే పద్ధతి. బ్రౌనింగ్‌ది పూర్తిగా వేరు, పొదుపైన, శుభ్రమైన వాయింపు, బాఖ్, స్కార్లాటీ అతనికి బాగా నప్పేవి. అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ తన పియానో కన్చర్టోని అతన్ని దృష్టిలో పెట్టుకునే రాశాడు, 1962లో దాన్ని మొదటిసారి వాయించింది బ్రౌనింగే, మరుసటి ఏడాది ఆ రచనకి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఒకే గది, ఒకే టీచరు, ఇద్దరూ ఒకరిలా ఒకరు వాయించరు. పియానో పాడినట్టు మోగాలి, ఒక స్వరం ఇంకో స్వరంలోకి జారాలి అన్నది రష్యా నుంచి ఆవిడ తెచ్చుకున్న పట్టు, దాని మీద రాజీ పడేవారు కాదు. ఆ పైన ఎవరి మనసు వాళ్ళది. టాలెంట్ ఉన్నవాణ్ణి తనలా మార్చేసుకోకుండా ఉండటం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు, మీరూ పాఠాలు చెప్తారు కదా. మీ దగ్గరికి వచ్చే పిల్లల్లోనూ ఆ తేడా ఉంటుంది. ఒకరికి లయ ముందు పట్టుబడుతుంది, ఒకరికి రాగం.

ప్రశ్న: పెళ్ళయ్యాక కచేరీలు మానుకున్న రోజీనా లెవీన్ మళ్ళీ వాయించారా? వినడానికి ఏమైనా దొరుకుతుందా?
– ఒక సంగీత విద్యార్థి, డల్లాస్

జవాబు: వాయించారు. డెబ్బై ఏళ్ళు దాటాక మళ్ళీ సోలోగా స్టేజి ఎక్కారు. 1963 జనవరిలో, 82 ఏళ్ళ వయసులో, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో షోపాన్ మొదటి కన్చర్టో వాయించారు, కండక్టర్ లెనర్డ్ బెర్న్‌స్టీన్. తర్వాత కూడా పాఠాలు ఆపలేదు, లాస్ ఏంజెలెస్‌లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలోనూ చెప్పారు, 1976లో పోయారు. రికార్డింగులు కొద్దిగానే ఉన్నాయి కానీ దొరుకుతాయి. ముందు భర్తతో కలిసి రెండు పియానోల మీద వాయించిన డెబుసీ ‘ఫెత్’ వినండి, ఆ తర్వాత ఆవిడ ఒక్కరే వాయించిన మొజార్ట్ సి మేజర్ కన్చర్టో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, పాత రికార్డింగులో స్వరాల చివరలు ఫోన్ స్పీకర్‌లో వినిపించవు.