ఏ ఎలెక్టివ్ (ఐచ్ఛిక సబ్జెక్టు) ఎంచుకోవాలి?

ప్రశ్న: మా అమ్మాయి నైర వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ మూడో ఏడాది. ఎలెక్టివ్‌గా కలుపు యాజమాన్యమా, టిష్యూ కల్చరా (ల్యాబ్‌లో మొక్క కణజాలం నుంచి మొక్కలు పెంచడం), జీవ ఎరువులా అని తేల్చుకోలేకపోతోంది. ఏది మేలండీ?
– ఓ తండ్రి, ఆమదాలవలస

జవాబు: రైతుల మధ్య పనిచేయాలనుకుంటే కలుపు యాజమాన్యమే తీసుకోమనండి. మన ఎద వరికి, అంటే నాట్లు వేయకుండా నేరుగా విత్తే వరికి, కలుపే పెద్ద బెడద. పెండిమిథాలిన్ అనే కలుపు మందును విత్తిన 48 గంటల్లోపు, అదీ నేలలో తడి ఉన్నప్పుడే కొట్టాలి. పొడినేల మీద కొడితే మందు పొరలా పరుచుకోదు, కలుపు మొలిచేస్తుంది. ఇలాంటివి పొలంలో చూసి నేర్చుకోవాల్సినవే.

జీవ ఎరువులు సొంత యూనిట్ పెట్టే ఆలోచన ఉన్నవారికి బాగుంటాయి. టిష్యూ కల్చర్‌కైతే ముందు ల్యాబ్ చూసి రమ్మనండి. సీసాల్లోని సూక్ష్మజీవులను ఆవిరితో చంపే ఆటోక్లేవ్ యంత్రం 121 డిగ్రీల వద్ద 15–20 నిమిషాలు సరిగా నడవకపోతే సీసాలన్నీ బూజు పడతాయి, ప్రాక్టికల్ కాస్తా నోట్సుతో సరి. స్నేహితురాళ్లు చేరారని మాత్రం చేరొద్దు. పీజీ ఆలోచన ఉంటే ఆ విభాగానికి దగ్గరిదే ఎంచుకోవాలి.