ఎగ్జిమా పిల్లకి ఎండ జాగ్రత్తలు: క్రీముది మూడో వరస

అమ్మలూ,

సన్‌స్క్రీన్ రాస్తే మంటని పాప ఏడుస్తోంది, రాయకపోతే ఎండకి ఒళ్లంతా గోక్కుంటోంది, ఏది కొనమంటావు పెద్దమ్మా అని అడిగావు. కొనేదాని సంగతి చెప్తాను గానీ, దాన్ని మూడో వరసలో పెట్టుకో. ముందు నీడ, తర్వాత బట్ట, ఆ రెండూ కప్పలేని చోటికే క్రీము. ఎగ్జిమా, అంటే ఒళ్లు పొడిబారి దురద పెట్టే చర్మ జబ్బు, ఉన్న మా చిన్నవాణ్ణి ఇలాగే నెట్టుకొచ్చాను.

నీడ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా బయట ఆటలు తగ్గించు. గడియారం కూడా చూడక్కర్లేదు, పాప నీడ పాపకన్నా పొట్టిగా పడుతుంటే లోపలికి పిలువు. మబ్బు పట్టిందని నమ్మకు, పల్చటి మబ్బులోంచి యూవీ కిరణాలు, అంటే ఎండలో చర్మాన్ని కాల్చే కంటికి కనబడని కిరణాలు, చాలావరకు దిగుతూనే ఉంటాయి. ఫోనులో వాతావరణం చూపించే చోట ఆ కిరణాల తీవ్రత చెప్పే యూవీ ఇండెక్స్ ఉంటుంది, అది 3 గానీ ఆపైన గానీ ఉంటే జాగ్రత్త పడాలి.

అసలు తిరకాసంతా బట్టల దగ్గరే. ఎండ తగలకూడదని నిండా కప్పేస్తే చెమట పడుతుంది. ఈ చర్మానికి ఎండ ఎంత శత్రువో చెమటా అంతే. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ చెమట నిలిచిందా, ఆ రాత్రి దానికీ నిద్ర ఉండదు, నీకూ ఉండదు. అందుకని వదులుగా, పొడుగు చేతులతో, దగ్గర నేత ఉన్న నూలు చొక్కా వెయ్యి. కొనేముందు వెలుతురుకి ఎత్తి పట్టుకో, లోపల పెట్టిన నీ చెయ్యి స్పష్టంగా కనబడుతుంటే అది ఎండని పెద్దగా ఆపదు. తడిసిన నూలు బట్ట ఇంకా ఎక్కువ ఎండని లోపలికి వదులుతుంది, పైగా ఒంటికి అంటుకుని రాపిడి పెడుతుంది. నీళ్లలో ఆటకి యూపీఎఫ్ (బట్ట యూవీని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 50 అని రాసి ఉన్న జత ఒకటి వేరే ఉంచు. మెడ వెనక లేబుల్‌ని కత్తెరతో కత్తిరించేసి ఊరుకోకు, మిగిలిన కొస మరీ గుచ్చుకుంటుంది. కుట్టు విప్పి మొత్తం లాగెయ్యి. టోపీకి చుట్టూ అంచు ఉండాలి. ముందువైపే అంచు ఉన్న క్యాపు చెవుల్నీ మెడనీ గాలికొదిలేస్తుంది.

ఇక క్రీము. ట్యూబు వెనక జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉన్నది చూసి తీసుకో. మిగతా రకాలకన్నా ఇవి మంట పెట్టడం తక్కువ. ఆక్సిబెంజోన్, ఆక్టోక్రిలీన్ లాంటి వేరే సన్‌స్క్రీన్ రసాయనాలు కొందరు పిల్లలకి పడవు. బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉండాలి, అంటే యూవీఏ, యూవీబీ అనే రెండు రకాల కిరణాలనీ ఆపేది. ఎస్‌పీఎఫ్, అంటే యూవీబీని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, 30 చాలు. సరిగ్గా రాస్తే 30 ఆపేది 97 శాతం యూవీబీ, 50 ఆపేది 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం టెన్షన్ పడకు, మందంగా రాయడం మీద శ్రద్ధ పెట్టు. 'అన్‌సెంటెడ్' అని ఉంటే మోసపోకు, వాసన కప్పెయ్యడానికి వేరే సువాసన కలిపి ఉండొచ్చు. 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అనే ఉండాలి. స్ప్రేలు అసలొద్దు, ఊపిరిలోకి పోతాయి. జింక్‌తో మొహం తెల్లగా కనబడుతుంది, నవ్వేవాళ్లని నవ్వనీ.

కొన్న రోజే ఒళ్లంతా పూసెయ్యకు. ముంజేతి లోపలివైపు, బాగున్న చర్మం మీద కొంచెం రాసి నాలుగైదు రోజులు చూడు. బయటికి వెళ్లే రోజు ముందు మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకాక ఓ పావుగంట ఆగి సన్‌స్క్రీన్ రాయి. చుక్కలుగా పెట్టి, వెంట్రుకలు వాలిన దిక్కుగా మెల్లగా లాగు, రుద్దకు. చిట్లిన చోట, రసి కారే చోట రాయకు, అక్కడ బట్టే దిక్కు. రెండు గంటలకోసారి, చెమట పట్టినా నీళ్లలో తడిసినా మళ్లీ, మెత్తని తడిగుడ్డతో అద్ది రాయాలి. ఎగ్జిమాకి డాక్టరు రాసే టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ వాడుతుంటే ఎండ విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండు.

ఎండకి చెంపల మీద పాలిపోయిన మచ్చలు తేలొచ్చు. బొల్లి అని హడలిపోకు. ఎగ్జిమా పిల్లల్లో ఇది మామూలే. చుట్టూ చర్మం నల్లబడి ఆ చోటు నల్లబడక అలా కనిపిస్తుంది. కొన్ని నెలలకి రంగు దానంతటదే కలుస్తుంది. నీ మనసు కుదుటపడ్డానికి ఒకసారి డాక్టరుకి చూపించు, అంతేగాని ఎవరో చెప్పారని నిమ్మరసం మాత్రం పుయ్యకు. అది పూసిన చర్మం ఎండ తగిలితే బొబ్బలెక్కుతుంది. ఎండలో కూర్చోబెడితే ఎగ్జిమా పోతుందనేవాళ్లూ ఎదురవుతారు. ఆసుపత్రిలో లైటుతో చేసే వైద్యం ఉన్నమాట నిజమే, కానీ అది కొలత ప్రకారం, డాక్టరు కనుసన్నల్లో జరిగేది.

సాయంత్రం ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్లతో, సబ్బు కాని క్లెన్సర్‌తో క్రీము కడిగెయ్యి. తువ్వాలుతో అద్ది, ఒంటి తడి ఆరకముందే మాయిశ్చరైజర్ పట్టించు. మర్నాటికి క్రీము రాసిన మేరకే దద్దురు లేస్తే వాడకం ఆపు, కానీ ట్యూబు పారెయ్యకు. డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లు, అందులో ఏమేం కలిపారో చూస్తే ఏది పడలేదో తేల్చడం తేలిక.

మీ పెద్దమ్మ