మొదటి ప్రాజెక్టుకే పొలం మోటారా?

సందేహం: కొత్తగా నోడ్‌ఎంసీయూ బోర్డు (ప్రోగ్రామ్ ఎక్కించి వాడే చిన్న వైఫై బోర్డు) కొన్నాను. ల్యాప్‌టాప్‌కు పెడితే బోర్డు మీద లైటు వెలుగుతోంది కానీ ప్రోగ్రామ్ ఎక్కించబోతే ల్యాప్‌టాప్‌లో దాని పోర్టే (బోర్డుతో మాట్లాడే దారి) కనిపించడం లేదు. బోర్డు పోయినట్టేనా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఊరి పేరు మారుతుందంతే, ఈ ప్రశ్న మాత్రం రాని వారం లేదు. బోర్డును అనుమానించే ముందు కేబుల్ మార్చండి. ఇళ్లలో మూలన పడి ఉండే వాటిలో ఛార్జింగ్‌కు తప్ప పనికిరానివి చాలానే ఉంటాయి. వాటిలో డేటా తీగలు ఉండవు. లైటు వెలగడానికి కరెంటు వస్తే చాలు, ప్రోగ్రామ్‌కు అది సరిపోదు. అదే కేబుల్‌తో ఫోన్‌ను కంప్యూటర్‌కు కలపండి. ఫోన్‌లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకున్నా ఫొటోల ఫోల్డర్ తెరుచుకోకపోతే దొంగ దొరికినట్టే. ‘ఇది ఛార్జింగ్‌కు మాత్రమే’ అని వైరు మీద ఒక్క ముక్క అచ్చు వేయడానికి ఈ తయారీదారులకు ఏం అడ్డమో!

కేబుల్ మంచిదే అయితే యూఎస్‌బీ పక్కనున్న చిన్న నల్ల చిప్ మీద ఏముందో చదవండి. సీహెచ్340 అనో, సీపీ2102 అనో ఉంటుంది. దాని డ్రైవర్‌ను (చిప్‌ను కంప్యూటర్ గుర్తుపట్టేలా చేసే సాఫ్ట్‌వేర్) ఆ చిప్ తయారీదారు సైట్ నుంచే తెచ్చుకోండి. ‘అన్ని డ్రైవర్లూ ఒకే క్లిక్‌తో’ అనే సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లొద్దు.

సందేహం: మాది ఖమ్మం జిల్లా. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతున్నాను. నాన్న రాత్రిళ్లు మోటారు వేయడానికి పొలం వెళ్లక్కర్లేకుండా ఈఎస్‌పీ8266 (నోడ్‌ఎంసీయూలో ఉండే వైఫై చిప్), రిలే (బోర్డు చెప్పినట్టు కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్)తో ఫోన్ నుంచే ఆన్ చేసేలా చేద్దామనుకుంటున్నాను. మోటారు షెడ్డులో పాత ఫోన్ పెట్టి హాట్‌స్పాట్ ఇస్తాను. ఇదే నా మొదటి ప్రాజెక్టు. వీడియో చూసి రాసిన కోడ్ స్క్రీన్‌షాట్ పంపుతున్నాను, సరిగ్గా ఉందా సార్?

జవాబు: ఆలోచన మంచిదే తమ్ముడూ. కానీ నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ పైవరుసల్లోనే మీ హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ ఉన్నాయి. ముక్కూ మొహం తెలియని నాకు పంపేశావు. ముందు అది మార్చు. ఇదే కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ దాచుకుని పంచుకునే సైట్) పెట్టి ఉంటే, తర్వాత ఆ వరుస తీసేసినా పాత వెర్షన్లలో అలాగే ఉండిపోతుంది. పాస్‌వర్డ్‌లు వేరే ఫైల్‌లో రాసి, ఆ ఫైల్ అప్‌లోడ్ కాకుండా చూసుకోవాలి.

నాకు అసలు టెన్షన్ ఆ కింది వరుసతో. అందరికీ తెరిచి ఉన్న ఉచిత ఎంక్యూటీటీ బ్రోకర్ (ఫోన్, బోర్డుల మధ్య మెసేజ్‌లు అందించే సర్వర్), ఎన్‌క్రిప్షన్ లేని పోర్ట్ 1883, యూజర్‌నేమ్ లేదు, పాస్‌వర్డ్ లేదు, టాపిక్ (మెసేజ్‌లు వెళ్లే చిరునామా) పేరు ‘మోటార్1’. ఇలాంటి పరీక్షల బ్రోకర్లు చాలావాటిలో ‘#’ (అన్ని టాపిక్‌లూ అని అర్థం) గుర్తుతో సబ్‌స్క్రైబ్ అయితే చాలు, ఎవరెవరివో మెసేజ్‌లు ధారగా కనిపిస్తుంటాయి. నీ ‘ఆన్’ చూసినవాడు తనూ ‘ఆన్’ పంపగలడు. బోర్డుకు ఇద్దరికీ తేడా తెలియదు. మీ నాన్న మోటారు దగ్గర చేయి పెట్టి ఉన్నప్పుడు ఎక్కడో ఎవడో సరదాకి నొక్కితే? 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) 60కి పైగా డిఫాల్ట్ (కంపెనీ ముందే పెట్టి ఇచ్చే) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతోనే లక్షల కెమెరాలు, రూటర్లలోకి దూరింది. నువ్వు ఆ తాళం కూడా వేయలేదు.

‘అకౌంట్ అక్కర్లేదు, ఫ్రీ’ అని వీడియోల్లో అదేదో వరంలా చెబుతారు. టేబుల్ మీద బల్బు వెలిగించి చూపించి, కింద కోడ్ లింకు పడేసి వెళ్లిపోతారు. ఆ కోడే ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా స్పైరల్ బైండింగ్‌తో సహా అమ్ముడవుతుంది. వైవాలో ‘పాస్‌వర్డ్ ఎక్కడుంది?’ అని అడిగేవాళ్లు ఎంతమంది? ఈ రెడీమేడ్ సరుకు కొని సంతకాలు పెట్టించుకున్నవాళ్లే రేపు ఊళ్లో స్మార్ట్ స్విచ్‌లు, కెమెరాలు బిగిస్తారు.

సరే, వైర్ల సంగతి. వీడియోలోని ఆ నీలం రిలే మీద ఏముందో చూడు: 10 ఆంపియర్లు, 250 వోల్టుల ఏసీ. త్రీఫేజ్ మోటారును దాంతో నేరుగా ఆడించడం కుదరదు. స్టార్టర్‌లోని కాయిల్‌నే ఆడిస్తానంటావేమో, పొలం స్టార్టర్లలో అది చాలాసార్లు 415 వోల్టులది, ఈ రిలే హద్దు దాటిపోతుంది. పైగా కరెంటు పోయి వచ్చి బోర్డు మళ్లీ స్టార్ట్ అయ్యేటప్పుడు డీ3, డీ4 లాంటి పిన్నులు (బోర్డు కాళ్లు) ఎవరూ చెప్పకుండానే మారతాయి. రిలే టిక్కుమంటుంది. టేబుల్ మీద అయితే నవ్వుకుంటాం.

మోటారుకు ఐఎస్ఐ గుర్తున్న మొబైల్ స్టార్టర్ (ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసేది) కొని, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో బిగించండి. రిజిస్టర్ చేసిన నంబర్లకే పలికేది చూసుకుని, దాని డిఫాల్ట్ పిన్ మార్చండి.

నీ బోర్డుకూ పని ఉంది. ముందు ఎల్ఈడీకి 220 ఓమ్స్ రెసిస్టర్ పెట్టి, వైఫై లేకుండా మిణుకుమనిపించు. తర్వాత బ్యాటరీ మీద నేల తేమ చదివి పంపేలా చెయ్. పంపడమే, బయటి నుంచి ఆజ్ఞలు తీసుకోవడం వద్దు. అకౌంట్ ఉన్న బ్రోకర్, ఎన్‌క్రిప్షన్ ఉన్న పోర్ట్ 8883 వాడు. సెన్సర్ కొనేటప్పుడు రెండు కాళ్ల ఫోర్కులాంటిది తీసుకోకు, తడి మట్టిలో కరెంటు పారుతుంటే దాని పూత త్వరగానే తినేసుకుపోతుంది. కెపాసిటివ్ రకం (లోహం మట్టికి తగలనిది) అడుగు. మట్టిలోకి దాని మీదున్న గీత వరకే దించి, పైనున్న పార్టులకు తడి తగలకుండా వార్నిష్ పూయి.