చిన్న దీవిలో అద్దె ఇల్లు: 8 శాతంలో చివరికి మిగిలేదెంత?

ప్రశ్న: నా వయసు 47. సెలవులకు వెళ్లివచ్చిన ఒక చిన్న దీవిలో ఇల్లు కొని అద్దెకు ఇవ్వాలనుకుంటున్నాను. పొదుపులో చాలా భాగం అందులో పెట్టి, ఇంటి ధరలో మిగిలిన సగానికి బ్యాంకు రుణం తీసుకోవాలి. ధర మీద ఏటా 8 శాతం అద్దె వస్తుందని మధ్యవర్తి అంటున్నారు. కొనవచ్చా?

జవాబు: ఆ 8 శాతం సంగతి చూసే ముందు, ఆ ఇంటిని కొనే హక్కు, కొన్నాక మీరు కోరుకున్న పద్ధతిలో అద్దెకిచ్చే హక్కు మీకు ఉన్నాయో లేవో అక్కడి న్యాయవాదిని అడిగి తేల్చుకోండి. దీవుల్లో నేల పరిమితం కాబట్టి, దానిని స్థానికుల కోసం కాపాడే నిబంధనలు చాలాచోట్ల ఉన్నాయి. ఫిన్లాండ్‌కు చెందిన ఆలాండ్ దీవుల్లో ప్రాంతీయ నివాస హక్కు లేనివారు అనుమతి లేకుండా స్థిరాస్తి కొనలేరు. ఇంగ్లండ్, ఫ్రాన్సుల మధ్య ఉన్న గెర్న్‌సీ దీవిలో స్థానికుల ఇళ్లకు ఒక మార్కెట్టు, ఎవరైనా ఉండదగిన ఇళ్లకు మరొక మార్కెట్టు వేర్వేరుగా ఉన్నాయి. పర్యాటకులకు రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్లు పెరిగి ఊరివారికి ఇళ్లు కరువైనప్పుడు, అటువంటి అద్దెలపై ఆంక్షలు రావడం సహజం, నా దృష్టిలో న్యాయం కూడా.

ఇక లెక్క. ఇంటి ధర 100 అనుకుంటే ఏటా వచ్చే అద్దె 8. పర్యాటకులు రాని కాలంలో మూడు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటే అది 6 అవుతుంది. బీమా, పన్ను, ఇంటిని చూసుకునే మనిషి జీతం, మరమ్మతులు కలిపి మరో 3 పోతాయనుకుందాం. మరమ్మతుల ఖర్చును ఎవరూ సరిగా ఊహించరు: ఉప్పుగాలికి కిటికీ కమ్మీలు, ఏసీ యంత్రాలు, చివరికి కాంక్రీటులోని ఇనుప చువ్వలు కూడా త్వరగా తుప్పు పడతాయి, సిమెంటు బస్తా నుంచి పనివాడి దాకా చాలావరకు పడవ మీదే రావాలి. చేతికి మిగిలేది 3. రుణం మీద వడ్డీ అంతకన్నా ఎక్కువైతే, ఎంత ఎక్కువ అప్పు చేస్తే అంత ఎక్కువ నష్టం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మీ పొదుపంతా ఒకే చోట చిక్కుకుపోవడం. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను తరువాత కరీబియన్ ప్రాంతంలోని బార్బుడా దీవి జనాన్నంతా పక్కనున్న ఆంటిగ్వాకు తరలించవలసి వచ్చింది. అటువంటి రోజున అద్దె ఆగిపోతుంది, వాయిదా ఆగదు. తుపాను లేకపోయినా, ఒక పడవ సర్వీసు రద్దయినా, ఉపాధినిచ్చే ఒక్క సంస్థ మూతపడినా, అద్దెదారులు, కొనుగోలుదారులు ఒకేసారి తగ్గిపోతారు. అప్పుడు అమ్మాలన్నా నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి వేచి ఉండాలి.

అందువల్ల ఇప్పటి మీ ప్రణాళికకు నేను ఒప్పుకోలేను. మొత్తం పొదుపులో పదో వంతు మించకుండా, అప్పు లేకుండా, బహుశా ఒక ఇంట్లో వాటాదారుగా అయితే ఆలోచించవచ్చు. అప్పుడు కూడా ఏడాది పొడవునా అక్కడే ఉండే ఉపాధ్యాయులకో, నర్సులకో ఇవ్వండి. అద్దె కొంత తగ్గినా ఇల్లు ఖాళీగా ఉండే నెలలు తగ్గుతాయి, ఊరికీ మేలు జరుగుతుంది. పర్యాటకులు లేని కాలంలో రెండు వారాలు అక్కడ అద్దెకు ఉండి చూడండి. గత మూడేళ్ల అద్దె రసీదులనూ, తుపాను, వరదలకు కూడా వర్తించే బీమాకు ప్రీమియం ఎంతో కంపెనీ రాసిచ్చిన పత్రాన్నీ మధ్యవర్తిని అడగండి. ఆ రెండూ చేతికి వచ్చేదాకా బయానా ఇవ్వకండి.