విరేచనాల మందు మెదడు జబ్బుకా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. నాన్నకు 54 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఎడమ చెవిలో చీము కారుతుంది. పది రోజుల కిందట జ్వరం, తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. మనుషులను గుర్తుపట్టలేకపోయారు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అన్నారు. వెన్నునీరు తీసి చూస్తే చీముకణాలు ఉన్నాయి కానీ కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్షలో) ఏ క్రిమీ పెరగలేదట. అయినా సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌తో పాటు మెట్రోనిడజోల్ ఎక్కిస్తున్నారు. అది విరేచనాలు తగ్గడానికి వాడే మందు కదా? చెవికి ఆపరేషన్ కూడా అంటున్నారు. అవసరమా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ ప్రశ్నకు జవాబు ఆ చెవిలోనే ఉంది. ఏళ్ల తరబడి చీము పట్టిన చెవిలో గాలి గిట్టని బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. బాక్టీరాయిడిస్, ఫ్యూసోబాక్టీరియం ఆ జాతివే. లోపల పెరిగే కొలెస్టియటోమా అనే చర్మపు ముద్ద ఎముకను తినేస్తే అవి మెదడు పొరల దాకా పోతాయి. పెద్దవాళ్ల మెనింజైటిస్‌లో ఇవి కారణమయ్యేది నూటికి ఒకరికి కూడా కాదు. అందుకే మామూలు కల్చర్‌లో వీటి కోసం వెతకరు.

వెతికినా దొరకడం కష్టమే. వెన్నునీటిని గాలి చొరబడని సీసాలో, గది వేడిమిలోనే, వెంటనే ల్యాబుకు చేర్చాలి. ఐసుపెట్టెలో పెట్టి విశాఖ బస్సు ఎక్కిస్తే ఈ క్రిములు దారిలోనే చచ్చిపోవచ్చు. పైగా వారం దాకా ఆగి చూడాలి. ముందే యాంటీబయాటిక్ పడి ఉంటే అసలు పెరగకపోవచ్చు. చీము కంపు కొట్టినా, గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోపు కింద చూసే పరీక్షలో) కనిపించిన క్రిమి కల్చర్‌లో పెరగకపోయినా అనుమానం వీటి మీదకే పోతుంది. క్రిమి జన్యువును పట్టే పీసీఆర్ పరీక్ష కొన్నిచోట్ల దొరుకుతుంది. దాని ఫలితం కోసం మందు ఆపకూడదు.

మెట్రోనిడజోల్ విరేచనాల మందన్న మాట నిజమే. కానీ ఈ క్రిములను చంపుతూ మెదడులోకి బాగా చేరే మందుల్లో అది ముందుంటుంది. పెద్దలకు సాధారణంగా 8 గంటలకోసారి 500 మిల్లీగ్రాములు, సెఫ్ట్రియాక్సోన్ 12 గంటలకోసారి 2 గ్రాములు ఇస్తారు. రెండు మూడు వారాలు పడుతుంది. మెదడులో చీముగడ్డ ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు. అందుకే ఎమ్మారై తీశారా అని అడగండి. కోర్సు సాగేకొద్దీ పాదాల్లో తిమ్మిరి, నడకలో తూలు వస్తే వెంటనే చెప్పండి. మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం కంగారు వద్దు, అది మందు రంగే.

ఆపరేషన్ అవసరమే అనిపిస్తోంది. చెవి ఎముక సీటీ చూసి ఈఎన్‌టీ డాక్టర్ నిర్ణయిస్తారు. చెవిలోని ఈ క్రిముల గూడు శుభ్రం చేయకుండా మందులు మాత్రమే వాడితే జబ్బు తిరగబెట్టవచ్చు. ఈలోగా చెవిలో నీళ్లు పడనివ్వకండి. వెల్లుల్లి కాచిన నూనె పోస్తామని పెద్దవాళ్లు ఎవరైనా వస్తే, ఆ నూనెను కూరలోకి పంపండి.