కొత్తగా మేనేజర్ అయిన రమ్యకు

రమ్యా,

మేనేజర్‌వి అయ్యావని తెలిసి చాలా సంతోషించానమ్మా. ఏ టూల్స్ నేర్చుకోవాలని అడిగావు కదా, అవి ఎలాగూ మారుతూనే ఉంటాయి, నీ టీమ్‌లో చిన్నవాళ్లను అడిగితే పది నిమిషాల్లో చూపిస్తారు, అలా అడగడానికి మొహమాటపడకు. ముందు రాయడం నేర్చుకో. సగం మంది ఇంటి నుంచి, ఇంకొందరు వేరే దేశంలో కూర్చుని పనిచేస్తుంటే నీ ముఖం, నీ గొంతు వాళ్లకు అందవు, నువ్వు పంపిన మెసేజ్ ఒక్కటే అందుతుంది. "ఆ ఫైల్ ఒకసారి చూడండి" అని రాస్తే ఏం చూడాలో, ఎప్పటిలోగా చూడాలో తెలియక ఒకరు కంగారుపడతారు, ఇంకొకరు పక్కన పడేస్తారు. "మూడో పేజీలో డెలివరీ తేదీలు మాత్రం సరిచూడండి, గురువారం సాయంత్రం 4 గంటలకు క్లయింట్‌కు పంపాలి" అని రాశావనుకో, మళ్లీ ఎవరూ నిన్ను అడగక్కర్లేదు. ఎవరి తప్పునైనా చెప్పాల్సి వస్తే మాత్రం గ్రూపులో పెట్టకు, విడిగా కాల్ చేసి మాట్లాడు.

ఇక డాష్‌బోర్డు, అంటే పని లెక్కలన్నీ అంకెల్లో, గ్రాఫుల్లో ఒకేచోట చూపించే స్క్రీన్. కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు కానీ అందులోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అడగడం రావాలి. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ కోవిడ్ ఫలితాలను పాత రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కిస్తే, వాటిలో 65 వేల చిల్లర వరుసలకు మించి పట్టక 15,841 కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి, ఆ రోగులను కలిసినవాళ్లకు కబురు చేయడమూ ఆలస్యమైంది. అందుకే ఏ రిపోర్టు వచ్చినా ఇందులో ఏం కలిపారు, ఏం వదిలేశారు, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు అని అడుగు.

చాట్‌లో పేరు పక్కన, మనిషి ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చచుక్క వెలుగుతోందా లేదా అని చూస్తూ కూర్చునే మేనేజర్లంటే నాకు అస్సలు గిట్టదు. అలా కాపలా కాస్తే జనం ఊరికే మౌస్ కదపడం నేర్చుకుంటారు తప్ప పని జరగదు. ఒప్పుకున్న పని ఒప్పుకున్న రోజుకి వచ్చిందా, అది చూడు చాలు.

ఏఐతో డ్రాఫ్టులు రాయించుకో, తప్పేం లేదు, కాకపోతే కస్టమర్ల వివరాలు, జీతాల లెక్కలు కంపెనీ అనుమతి లేకుండా అందులో పేస్ట్ చేయకు, అది చెప్పిన ప్రతి అంకెనీ సరిచూసుకో.

రాత్రి పదకొండింటికి ఏదైనా గుర్తొస్తే రాసి, పొద్దున వెళ్లేలా షెడ్యూల్ చేసి పెట్టు. "అర్జెంటేం కాదు" అని రాసినా సరే, స్క్రీన్ మీద మేనేజర్ పేరు కనబడగానే అవతలివాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. నిజంగా అర్జెంటైతే ఫోనే చేస్తానని మొదటి వారంలోనే అందరికీ చెప్పేయ్, అప్పుడు మిగతా మెసేజ్‌లను వాళ్లు నిశ్చింతగా పొద్దున చూసుకుంటారు.

ఆశీస్సులతో,
పెదనాన్న